గోడ పక్క చప్పుడు

మా ఆయన కాషాయం కట్టుకుంటానని చెప్పినప్పుడు నేను పెరట్లో చేపలు తోముతున్నాను.

“ఒక్క వర్షావాసమే, ఫికున్. వానాకాలం మూణ్ణెల్లు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మొక్కుకున్నా” అన్నాడు తవిన్.

“నన్నొక మాట అడక్కుండానే?”

“నువ్వప్పుడు కింద మందుల కొట్లో ఉన్నావు.”

మొక్కు మొక్కే. చావు అంచుదాకా వెళ్ళిన మా అత్త ఖంపున్ అప్పటికే లేచి తిరుగుతోంది, నా వంటకు వంకలు పెడుతోంది. దేవుడిచ్చాక మనం ఎగ్గొడితే ఎలా? అదీగాక మా యసోథోన్ జిల్లా వైపు మొగుడు సన్యసిస్తానంటే వద్దన్న ఆడదాన్ని ఊరు ఊరంతా పాపిష్ఠిదని వేలెత్తి చూపిస్తుంది. సరే అన్నాను. చేప పొలుసులు అంటిన చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను, అవి మరీ మండాయి.

“బండి ఒక్కదానివే నడపగలవా?”

“నడపలేనంటే మానేస్తావా ఏంటి?”

నవ్వాడు. మానేస్తానని మాత్రం అనలేదు.

మాది కూరల బండి. వెనక తొట్టికి ఇనప పందిరి వేసి, దానికి చుట్టూ సంచులు వేలాడదీస్తాం. వంకాయలు, వెదురు మొలకలు, కప్పలు, గుడ్లు, పులియబెట్టిన చేపలు, ఏది కావాలన్నా దొరుకుతుంది. చీకటితోనే టోకు సంతకు వెళ్ళి సరుకు ఎత్తుకోవడం, పగలంతా ఊరూరా తిరగడం. బండి నెత్తిన మైకు. అందులో రికార్డు చేసి పెట్టిన తవిన్ గొంతు ఒకటే పాట పాడుతుంటుంది: “అమ్మల్లారా, అక్కల్లారా, కూరల బండొచ్చింది. చేపలున్నాయి, కప్పలున్నాయి, వెదురు మొలకలున్నాయి. అత్త మీద కోపమున్నవాళ్ళకి మిరపకాయలున్నాయి.” ఆ చివరి మాట నన్ను ఉడికించడానికి పెట్టిందే. ఆ మాట దగ్గర ఆడవాళ్ళు తప్పకుండా నవ్వుతారు, నవ్వాక సంచులు తడుముతారు.

గుండు చేయించుకున్న రోజు తన నీలం చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. దాన్ని ఉతికి మడతపెట్టి బీరువాలో పై అరలో పెట్టాను. మూడు నెలలు బండి ఆగకుండా చూసుకోవాలి, ఇల్లు గడవాలి, మొగుడు తిరిగొచ్చి ఆ చొక్కా వేసుకోవాలి. నేను కోరుకున్నది అంతే.

పాత బండి రోజుల నుంచీ పదిహేనేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని వాగుతూ వచ్చినదాన్ని. ఇప్పుడు ఆ సీట్లో చిల్లర డబ్బా కూర్చుంది. ఒంటరితనం ఇంట్లో కన్నా బండిలోనే ఎక్కువ తెలిసింది నాకు. ఇంట్లో అత్త ఉంటుంది, తిట్టడానికో తిట్టించుకోవడానికో. బండిలో ఎవరున్నారు? అందుకని ఊళ్ళో పెట్టాల్సిన మైకు ఊరు దాటాక కూడా ఆపేదాన్ని కాదు. రెండు వైపులా మైళ్ళకొద్దీ వరి నాట్లే, నరమానవుడు ఉండడు. మధ్యలో నేనూ, మా ఆయన గొంతూ.

“ఏమే ఫికున్, పొలాల్లో ఎవరికమ్ముతున్నావు, కొంగలకా?” అని నవ్వేది నోన్ సక్ ఊరి పెద్దమ్మ థోంగ్.

“కొంగలు బేరమాడవు పెద్దమ్మా” అనేదాన్ని.

మైకు ఆపేది ఒక్క చోటే. మా ఊరి బౌద్ధ విహారం గోడ వెంబడి. స్వాములు ధ్యానంలో ఉంటారు, అక్కడ ఏ బండివాడైనా పాట ఆపాల్సిందే. చిత్రం చూడండి, ఏ గొంతు వినకుండా ఉండలేకపోతున్నానో ఆ గొంతు మనిషి గోడకి అవతలే ఉన్నాడు, సరిగ్గా అక్కడే నోరు మూయించాలి. లోపల ఎవరో ఆకులు ఊడుస్తున్న చప్పుడు వినిపించేది. నా బండి దగ్గరికి రాగానే ఆ చీపురు ఆగేది. గోడ దాటాక మళ్ళీ మైకు మీట నొక్కేదాన్ని.

ఆ గోడ పక్కనే ఒకరోజు చప్పుడు విన్నాను. టక్, టక్, టక్. ముందు గోడకి కొట్టి తిరిగొస్తున్న శబ్దమేమో అనుకున్నాను. మర్నాడూ అదే. ఊళ్ళలోనూ పొలాల్లోనూ తవిన్ గొంతు దాన్ని కప్పేస్తోంది, గోడ దగ్గర మాత్రం బయటపడుతోంది. అద్దానికి కొత్త మల్లెదండ కట్టి, స్టీరింగుకు దణ్ణం పెట్టి, “బండి తల్లీ, కాస్త సర్దుకో, మీ అయ్య వచ్చేస్తాడు” అన్నాను. బండి తల్లి సర్దుకోలేదు.

కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళాను. అక్కడ పిమ్ అనే పిల్ల ఉంటుంది, చేతులు జోడించందే నోరు విప్పదు. మెకానిక్కు బానెట్టు ఎత్తి విన్నాడు, ఆమె చెవిలో ఏదో చెప్పాడు.

“ఇంజన్ లోపలి చప్పుడు, అక్కా. దింపి చూడాలి. వారంటీ ఇంకా ఉంది కాబట్టి మీకు పైసా ఖర్చుండదు. కాకపోతే బండి మీ ఆయన పేరు మీదుంది. ఇంజన్ విప్పాలంటే ఆయన సంతకం కావాలి.”

“ఆయన సన్యాసంలో ఉన్నాడమ్మా.”

“అయ్యో, ఎంత పుణ్యం” అని మళ్ళీ చేతులు జోడించింది. “పున్నమికి గుడికెళ్తారు కదా, అప్పుడు పెట్టించుకు రండి. వచ్చే నెలాఖరుకి వారంటీ మూడేళ్ళు నిండిపోతాయి, ఆలోపే వచ్చేయండక్కా.”

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. ఆవిడ నమిలే వక్క నమలడం ఆపింది.

“వర్షావాసం మధ్యలో ఇంటి గొడవ చెవిన వేస్తావా? వాడి మనసు చెదిరిందంటే పుణ్యం చెదిరినట్టే. ఆ పుణ్యం మీదే కదే నా ఊపిరి నడుస్తోంది.”

“సంతకమే కదత్తా.”

“ఇవాళ సంతకం, రేపు కూరల లెక్క. వాణ్ణి అక్కడ కూర్చోనిస్తావా లేదా?”

నేను పేచీ పెట్టుకోవచ్చు. కానీ ఆసుపత్రి మంచం మీద ఆవిడ ముక్కుకి గొట్టం పెట్టిన రోజులు నేనూ చూశాను. ఏమో, నిజంగానే నా ఒక్క మాటతో ఆ ఊపిరి ఆగితే? అంత బరువు ఎవరు మోస్తారు? వినడానికి వెర్రిగా ఉంటుంది, కానీ మా ఊళ్ళో ఏ ఇల్లాలిని అడిగినా నేను చేసిందే చేస్తానంటుంది.

పున్నమికి అన్నం, కూరలు పట్టుకుని వెళ్ళాం. స్వాములు ఎత్తు అరుగు మీద వరసగా కూర్చున్నారు, ఆడవాళ్ళం కింద చాపల మీద. తవిన్ నాలుగోవాడు. కనుబొమలు గీయించేసరికి ఆ ముఖం ఎవరిదో అనిపించింది. సంతకం కాగితం నా సంచిలో, అరిటాకుల కింద ఉంది. భోజనాలయ్యాక ఆయనే పలకరించాడు.

“ఇంట్లో అందరూ కులాసాయేనా, ఉపాసికా?”

నన్నే. ఇంటికొచ్చే దారిలో కేకేసి పిలిచే పేరు ఏమైందో మరి. అందరు ఆడవాళ్ళనీ పిలిచినట్టే పిలిచాడు, అదే పద్ధతి.

“కులాసాయే, స్వామీ.”

“బండి బాగా నడుస్తోందా?”

అత్త చెయ్యి నా వీపు మీద పడింది. ఊరికే, దుమ్ము దులిపినట్టు.

“బాగా నడుస్తోంది, స్వామీ” అన్నాను.

ఆయన ఇంకాసేపు నా వైపే చూశాడు. తర్వాత పక్క ఇంటావిడను పలకరించాడు. ఆ తర్వాత అష్టమికీ, అమావాస్యకీ కూడా వెళ్ళాను. కాగితం నాతో వచ్చేది, నాతోనే తిరిగొచ్చేది. చివరికి దానికి చేపల వాసన పట్టింది.

నెలాఖరు దాటిన వారానికి, నోన్ సక్ వెళ్ళే ఎర్రమట్టి దారిలో, బండి ఒక్కసారి గట్టిగా అరిచింది. బానెట్టు కిందనుంచి ఏదో పగిలిన చప్పుడు, పొగ, దారంతా నల్లటి నూనె. ఆగిపోయింది.

ఇంజన్ చచ్చినా బ్యాటరీ బతికే ఉంది. నెత్తిన మైకు ఆగలేదు. “అమ్మల్లారా, అక్కల్లారా, కూరల బండొచ్చింది” అంటూ తవిన్ ఉత్సాహంగా పిలుస్తున్నాడు. నేను స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాను. మీట నా మోకాలి పక్కనే ఉంది, నొక్కబుద్ధి కాలేదు. దాన్ని కూడా ఆపేస్తే ఇక ఆ పొలాల మధ్య నాకు ఎవరూ మిగలరనిపించింది. చాలాసేపు ఏడ్చాను. ఆయన చేపలున్నాయి, కప్పలున్నాయి అంటూనే ఉన్నాడు.

ఆ పిలుపు విని, కలుపు తీస్తున్న ఆడవాళ్ళు గట్ల మీదుగా బురద కాళ్ళతో వచ్చేశారు. ముందు పెద్దమ్మ థోంగ్.

“ఇవాళ పొలం దగ్గరికే తెచ్చావే, మారాణులమైపోయాం మేం. వెదురు మొలకలు ఎంత?”

“పెద్దమ్మా, బండి పోయింది.”

ఆవిడ నూనె వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది. “పోతే పోనీ. కూరలు పోలేదు కదా. ఎండకి వాడిపోకముందే అమ్ముకో” అని, అందరికంటే ముందు తనే ఓ సంచి లాగింది. తలా ఒకటి తీసుకున్నారు. ఎవరూ బేరమాడలేదు. రోజూ గీసి గీసి బేరమాడే మనుషులు అలా అడిగిన ధర ఇచ్చేస్తుంటే నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

మా ఊరి మెకానిక్ సవై ట్రాక్టరుతో వచ్చాడు. వంగి చూసి ఈల వేశాడు. “రాడ్డు ఇంజన్ని పొడుచుకుని బయటికొచ్చింది, వదినా. లోపలుండలేక నిన్ను చూడ్డానికొచ్చినట్టుంది.”

సర్వీసు సెంటరులో పిమ్ కంప్యూటరు చూసి, నా వైపు చూసి, చేతులు జోడించింది. “గడువు పోయిన వారమే దాటిపోయిందక్కా. నాకు చాలా బాధగా ఉంది. చప్పుడొచ్చినప్పుడే సంతకం తెచ్చుంటే మొత్తం కంపెనీయే పెట్టుకునేది.” కొత్త ఇంజన్ పెట్టాలంటే బండి ఖరీదులో సగం పైనే అవుతుందట.

కోపం రావాల్సింది. బల్ల మీద గుద్దాల్సింది. ఆ పిల్ల అలా తల వంచి నిలబడితే కోపం ఎక్కణ్ణుంచి వస్తుంది? “పర్లేదమ్మా” అన్నాను. పర్లేదట. మొహమాటం కొంప ముంచుతుందని ఊరికే అన్నారా? కొంప మునిగాక కూడా నా నోటికి అదే మాట వచ్చింది.

బండి సవై షెడ్డులో పడుంది. నేను ఇంట్లో పడున్నాను. వాన పడుతూనే ఉంది. అత్తా నేనూ ఒకే పళ్ళెం దగ్గర కూర్చుని జిగట అన్నం ముద్దలు చేసుకుని తినేవాళ్ళం. నీ వల్లే అని నేననలేదు, నా వల్లే అని ఆవిడా అనలేదు. ఓ మధ్యాహ్నం తోచక మైకు పెట్టె ఇంట్లోకి తెచ్చి వైరు గుచ్చాను. “అమ్మల్లారా” అన్నాడు తవిన్. వంటింట్లోంచి అత్త గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. పెట్టెను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. మిరపకాయల మాటదాకా మొత్తం విన్నది.

“ఆపెయ్యవే” అంది అప్పుడు.

మర్నాడు పొద్దున లేచి చూస్తే పాకలో గేదె లేదు. దూడగా ఉన్నప్పట్నుంచీ తవిన్ పెంచిన గేదె అది, ఎవరెంతిచ్చినా అమ్మనని ఆయన చెప్పిన గేదె.

“గేదేదత్తా?”

“అమ్మేశా. మేత దొరకడం లేదు.”

వానాకాలం. పాక చుట్టూ గడ్డి నడుమెత్తున ఉంది. ఆ డబ్బుతో సవై ఉబోన్ పట్నం పాతసామాన్ల బజారులో, గుద్దుకుని తుక్కైన ఏదో బండిలోని ఇంజన్ వెతికి తెచ్చాడు. దాన్ని బిగించే ముందు అత్త అరటాకులో ఉడికించిన గుడ్లు, ఎర్ర సోడా సీసా, పూలదండ తెచ్చి బండి ముందు పెట్టింది. నేల మీద కూర్చుని చేతులెత్తింది. “తల్లీ, దీనికి బుద్ధి తక్కువ, నాకు నోరెక్కువ. ఇద్దర్నీ క్షమించు.” సవై అటు తిరిగి స్పానర్లు తుడవడం మొదలుపెట్టాడు.

బండి మళ్ళీ తిరిగింది. మెత్తగా, చప్పుడు లేకుండా. రోజూ గోడ దగ్గర మైకు ఆపి వినేదాన్ని, ఏ టకటకా లేదు. హమ్మయ్య, ఈడ్చుకొచ్చాం, ఇక పున్నమి ఒక్కటే మిగిలింది అనుకున్నాను.

వర్షావాసం ముగిసే పున్నమినాడు నీలం చొక్కా ఇస్త్రీ చేశాను. అత్త దాన్ని ప్యాంటుతో కలిపి కొత్త సంచిలో పెట్టింది. “ఇవాళే వచ్చేస్తాడంటావా, రెండ్రోజులు ఆగుతాడంటావా?” అని దారంతా అడుగుతూనే ఉంది. జనం పలచబడ్డాక అరుగు ముందు కూర్చున్నాం. అత్త సంచి ముందుకు జరిపింది.

“చొక్కా తెచ్చాన్రా... తెచ్చాను, స్వామీ.”

ఆయన సంచిని చూశాడు. చెయ్యి చాచలేదు.

“బండి బాగుచేయించారా, ఉపాసికా?” అని నన్నడిగాడు.

నేను అత్త వైపు చూశాను. ఆవిడ తను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

“పాడైందని తమకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. గోడ దగ్గర మైకు ఆపుతావు కదా. చప్పుడు వినేవాణ్ణి. బేరింగు పోతోందని మొదట్లోనే తెలిసింది.”

“తెలిసీ...” నా గొంతు పైకి లేచింది, చుట్టూ చూసి తగ్గించాను. “తెలిసీ ఒక్క మాట చెప్పలేదేం?”

“అడిగాను.”

అవును, అడిగాడు. బాగా నడుస్తోందని నేనే చెప్పాను.

“అంతకన్నా ఎక్కువ అడిగితే అక్కణ్ణుంచి లేచి ఇంటికొచ్చేసేవాణ్ణి” అన్నాడు. తలొంచుకుని, మామూలుగా, కూరల ధర చెప్పినట్టే చెప్పాడు. “రోజూ ఆ వేళకి గోడ దగ్గర ఊడుస్తూ ఉండేవాణ్ణి. ఇవాళ బాగుచేయించిందా, రేపు చేయిస్తుందా అని. కళ్ళు మూసుకున్నా చెవి గోడ మీదే ఉండేది. నేను కట్టింది గుడ్డే, మనసు బండిలోనే ఉంది. తర్వాత బండి రావడం ఆగిపోయింది.”

“ఇంజన్ పగిలింది” అన్నాను.

“అనుకున్నాను. మొదట్లో కూర్చోలేకపోయాను. గురువుగారిని అడిగి వద్దామనుకున్నాను కూడా. చప్పుడు లేదు, బండి లేదు, అలా రోజులు గడిచాయి. ఒకరోజు మొత్తం ఊడ్చి చీపురు గోడకి ఆనించాక, ఇవాళ బండి కోసం వినలేదే అని గుర్తొచ్చింది.” గోడ వైపు చూశాడు. “జీవితంలో మొదటిసారి మనసు కుదురుగా కూర్చుంది, ఫికున్.”

పేరు పెట్టి పిలిచాడు. మూణ్ణెల్లుగా దానికోసమే చూశాను. అది ఈ మాట చివర వచ్చింది.

“పది రోజుల నుంచి బండి మళ్ళీ తిరుగుతోంది” అన్నాను. “రోజూ గోడ పక్కనుంచే పోతున్నాను.”

“అలాగా” అన్నాడు. “నాకు తెలియలేదు.”

ఇంకో ఏడాది ఉంటానని తల్లికి చెప్పాడు. ఆ తర్వాత సంగతి తర్వాత. ఎవరైనా పుణ్యకార్యం తలపెట్టానంటే విన్నవాళ్ళు చేతులెత్తి ‘సాధు’ అనాలి, అది మా ఆచారం. అత్త చొక్కా సంచి వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. నేనే అన్నాను, ఇద్దరి తరఫునా. సాధు, సాధు, సాధు.

తిరుగుదారిలో చొక్కా సంచి మా ఇద్దరి మధ్య చిల్లర డబ్బా మీద ఊగుతూ వచ్చింది. ఇంటి మెట్ల మీద అత్త నా భుజం పట్టుకుంది. “ఆ రోజు నీ వీపు మీద చెయ్యి వెయ్యకుండా ఉండాల్సిందే” అంది.

“పర్లేదత్తా” అన్నాను. ఈసారి మొహమాటానికి కాదు.

ఆ వారంలోనే మైకులో నా గొంతు పెట్టాను. ఒక స్వామి గొంతుతో కప్పలమ్మడం తప్పని ఊరివాళ్ళే అన్నారు. అత్త పక్కన కూర్చుని నేర్పింది. “కాస్త తియ్యగా పిలవ్వే, అప్పు వసూలుకొచ్చినదానిలా పిలుస్తావేం? మిరపకాయల మాట మర్చిపోకు, జనం నవ్వేది దానికే.” ప్రయత్నించాను. మూడుసార్లూ ఆ మాట దగ్గరే మీట ఆపేశాను. చివరికి దాన్ని వదిలేశాను.

మర్నాడు పొద్దున బండి విహారం దగ్గరికి వచ్చింది. మీట నొక్కి మైకు ఆపాను. వానలు వెనకబట్టాయి, గోడ మీద నాచు ఎండుతోంది. ఇంజన్ చప్పుడే లేదు. లోపల ఎవరో ఆకులు ఊడుస్తున్నారు. నేను గేరు తగ్గించి, గోడ పొడుగునా నెమ్మదిగా పోనిచ్చాను.

చీపురు ఆగలేదు.

గోడ దాటాక మీట నొక్కాను. “అమ్మల్లారా, అక్కల్లారా” అని నా గొంతు మొదలైంది.